నిప్పు చేసుకున్న గాలి

1949 నవంబరు 9న హ్యారీ గిస్‌బోర్న్ అనే 56 ఏళ్ళ మనిషి, అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని ఒక చిన్న కొండలోయలోకి నడిచి వెళ్ళాడు. అప్పటికే గుండె బాగాలేదు. కొంత దూరం ఎక్కడం, కూర్చోవడం, మళ్ళీ ఎక్కడం. బాబ్ జాన్సన్ అనే రేంజరు తోడున్నాడు. చూడాలనుకున్నవి చూశాడు. తిరుగుదారిలో గుండె ఆగి అక్కడే చనిపోయాడు.

గిస్‌బోర్న్ అమెరికా ఫారెస్ట్ సర్వీసులో మంటల్ని చదివిన తొలి తరం శాస్త్రవేత్త. ఏ రోజు అడవి ఎంత ప్రమాదంలో ఉందో గాలి వేగం, తేమ, కట్టె ఎండు వంటివి కలిపి లెక్కగట్టే మీటరు ఒకటి 1930లలో తయారుచేశాడు. అలాంటివాడు చలికాలం మొదలయ్యాక, ఆరిపోయి మూడు నెలలైన మంట దగ్గరికి ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ ఎందుకు వెళ్ళాడు? ఆ లోయలో ఆగస్టు 5 సాయంత్రం గాలి ఏం చేసిందో తేలాలి. ఎందుకంటే అక్కడ 13 మంది చనిపోయారు.

ఆ లోయ పేరు మాన్ గల్చ్. మిజోరీ నది పక్కన, హెలెనా ఊరికి ఉత్తరంగా ఉంటుంది. ఆగస్టు 4న పిడుగు పడి మంట రాజుకుంది. మర్నాడు హెలెనాలో ఎండ 97 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 36. అప్పటి ప్రభుత్వ విధానం ప్రకారం ఏ మంటైనా కనబడ్డ మర్నాటి పొద్దున 10 గంటల్లోపు అదుపులోకి రావాల్సిందే. దారుల్లేని అడవిలో అది జరగాలంటే ఆకాశంలోంచి దిగాలి. అందుకే స్మోక్‌జంపర్లు వచ్చారు. 1940 నుంచి పారాచూట్లతో మంటల దగ్గర దూకుతున్నారు. ఈ తొమ్మిదేళ్ళలో వాళ్ళలో ఒక్కరూ మంటల్లో చనిపోలేదు. చాలామంది యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు, కొందరు కాలేజీ పిల్లలు. రాబర్ట్ శాలీకి 17 ఏళ్ళే.

సాయంత్రం నాలుగు ప్రాంతంలో 15 మంది దూకారు. పారాచూట్ తెరుచుకోక రేడియో నేలకి కొట్టుకుని ముక్కలైంది. కింద అప్పటికే ఒంటరిగా మంటతో తంటాలు పడుతున్న ఒక ఫైర్ గార్డు వాళ్ళతో కలిశాడు. మొత్తం 16. మంట లోయకి దక్షిణపు ఒడ్డున, పై భాగంలో ఉంది. ఫోర్‌మన్ వాగ్నర్ డాడ్జ్ వేసిన పథకం తప్పుపట్టడానికి లేదు. మంటకి ఎదురు ఒడ్డున, అంటే ఉత్తరపు వాలు మీద నడుచుకుంటూ నది వైపు దిగుదాం, ఏదైనా తేడా వస్తే నీళ్ళు పక్కనే ఉంటాయి అన్నాడు.

5:45 ప్రాంతంలో డాడ్జ్‌కి ముందు పొగ కనిపించింది. మంట లోయ దాటేసింది. నదికీ వాళ్ళకీ మధ్యలో, వాళ్ళు నడుస్తున్న ఒడ్డు మీదే, రెండు వందల గజాల్లోపు దూరంలో ఉంది. వెనక్కి తిప్పాడు. అంటే నది వదిలి, కొండ ఎక్కుతూ పరుగు. ఎక్కేకొద్దీ చెట్లు పలచబడి, నడుం దాకా ఎండిన గడ్డి. ఎక్కేకొద్దీ వాలు నిటారు, చివర్లో 76 శాతం, అంటే వంద అడుగులు ముందుకెళ్తే 76 అడుగులు పైకెక్కినట్టు. పరిగెత్తేవాడికి ఈ రెండూ శత్రువులే. మంటకి రెండూ చుట్టాలు.

ఇక్కడ డాడ్జ్ చేసిన పని గురించి ఇప్పటికీ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో పాఠాలు చెప్పుకుంటారు. పారిపోతున్న మనిషి ఆగి, జేబులోంచి అగ్గిపుల్ల తీసి, తన ముందున్న గడ్డికి అంటించాడు. అది కొండ పైకి పాకి, వెనకాల నల్లటి బూడిద నేల మిగిల్చింది. అందులోకి నడిచి, రండి రండి అని కేకలేశాడు. ఎవరూ రాలేదు. వెనక నుంచి మంట తరుముతుంటే ముందు ఇంకో మంట పెట్టిన మనిషిని చూసి పిచ్చెక్కిందనుకుని ఉంటారు. ఆ బృందం ఆ వేసవిలో డాడ్జ్‌తో కలిసి శిక్షణ తీసుకున్నది కాదు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరే సమయం దొరకలేదు.

(గడ్డి మైదానాల్లోని ఆదివాసులకి ఈ ఉపాయం తెలుసు. ఫెనిమోర్ కూపర్ 1827లో రాసిన ‘ది ప్రెయిరీ’ నవల్లో కూడా ఉంది. డాడ్జ్ మాత్రం తను అంతకు ముందు ఎప్పుడూ వినలేదనీ, ఆ క్షణంలో తట్టిందనీ విచారణలో చెప్పాడు.)

డాడ్జ్ బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట తన మీదుగా దాటిపోతున్నప్పుడు గాలి తనని రెండు మూడు సార్లు నేల మీంచి లేపిందని కూడా చెప్పాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే అనిపిస్తుంది. మంట కాలుస్తుంది, సరే. మనిషిని ఎత్తిపడేస్తుందా?

శాలీ, అతని స్నేహితుడు రమ్సీ ఇద్దరూ డాడ్జ్ మంట అంచు వెంబడి నేరుగా పైకెక్కి, శిఖరం దగ్గరి రాతిగోడలో ఒక చీలిక దొరికి అవతలికి పడ్డారు. మిగిలిన 13 మందిలో 11 మంది అక్కడే, ఇద్దరు మర్నాడు ఆసుపత్రిలో చనిపోయారు. వెనక్కి తిరిగిన క్షణం నుంచి ఇదంతా సుమారు పదకొండు నిమిషాలు.

చనిపోయిన కుర్రాళ్ళలో ఒకరి తండ్రి స్వయంగా రిటైరైన రేంజరు. డాడ్జ్ పెట్టిన మంటే మా పిల్లల దారి మూసేసి చంపింది అని ఆయన వాదన. కోర్టుకీ వెళ్ళాడు. డాడ్జ్ మంట నిటారుగా పైకి పోయిందనీ, తాము దాని పక్కనే ఎక్కి బతికామనీ శాలీ, రమ్సీ చెప్పారు. కొడుకుని పోగొట్టుకున్నవాడికి ఆ జవాబు ఎక్కుతుందా! ఒక మనిషి తప్పు చేశాడంటే కనీసం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలుస్తుంది. గాలి తప్పంటే ఎవరిని అడగాలి? డాడ్జ్ 1955లో క్యాన్సర్‌తో పోయాడు.

గిస్‌బోర్న్‌కి మాత్రం గాలినే అడగాలని ఉంది. దక్షిణపు ఒడ్డు మంట అంత త్వరగా లోయ దాటి కిందికెలా వచ్చింది? తోడు వచ్చిన జాన్సన్ దగ్గర దానికో సాక్ష్యం ఉంది. ఆ సాయంత్రం అతను నది వైపు నుంచి లోయ మొదట్లోకి నడిచి వెళ్ళి, వేడి గాలి సుడిలో చిక్కుకుని కాసేపు స్పృహ తప్పాడు. నది వెంబడి దక్షిణం నుంచి బలమైన గాలి వస్తోంది. కొండ మొనకి తగిలి చీలిన గాలి వెనక వైపు సుళ్ళు తిరుగుతుంది, వంతెన స్తంభం వెనక గోదారి నీళ్ళు తిరిగినట్టు. ఆ సుడి నిప్పు రవ్వల్ని ఎత్తి ఎదురు ఒడ్డున విసిరిందా? ఆ ఆలోచన ఎంతవరకు నిలబడుతుందో చూడ్డానికే ఆ నవంబరు ప్రయాణం.

మన నిఘంటువుల్లో అగ్నికి వాయుసఖుడు అని ఒక పేరుంది. సఖుడంటే బయటివాడు, ఎక్కడి నుంచో వచ్చి చేతులు కలిపేవాడు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా మంటలార్పేవాళ్ళ లెక్క కూడా ఇంతే. గాలి ఒక బయటి విషయం. వాతావరణ శాఖ చెబుతుంది, మనం రాసుకుంటాం. నిప్పే గాలిని పుట్టిస్తుందని వాళ్ళకి తెలియక కాదు. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో 30 లక్షల ఎకరాలు కాలిపోయినప్పుడు బతికి బయటపడ్డవాళ్ళు తుఫాను లాంటి హోరు గురించి చెప్పారు. అప్పుడే ఎడ్ పులాస్కీ అనే రేంజరు తన కూలీల్ని పాత గని సొరంగంలోకి తోలి, బయటికి పరిగెత్తబోయినవాణ్ణి కాల్చేస్తానని తుపాకీ చూపించి ఆపాడు. ఎక్కువమంది బతికారు. మాన్ గల్చ్ కుర్రాళ్ళ చేతుల్లో ఉన్న గొడ్డలి-పార కలిసిన పనిముట్టు ఆయన పేరు మీదే ‘పులాస్కీ’. డాడ్జ్ చేతిలో తుపాకీ లేదు. తెలిసినదాన్ని లెక్కలోకి తేవడమే ఎవరికీ చేతకాలేదు.

ఆ పని మొదలుపెట్టినవాడు జార్జ్ బైరమ్. 1954లో ఆయన రాసిన పత్రం, అదుపు తప్పి ఒక్కసారిగా పేలినట్టు విజృంభించిన మంటల రోజున పైన గాలి ఎలా ఉందో పరిశీలించింది. అందరూ గాలి ఎక్కువైతే ప్రమాదమనుకుంటారు కదా. బైరమ్ నేల నుంచి పైకి పోయేకొద్దీ గాలి వేగం ఎలా మారుతోందో చూడమన్నాడు. నేలకి దగ్గర్లో గాలి బలంగా ఉండి, పైకెళ్ళేకొద్దీ తగ్గిపోతే, అదే గడ్డు రోజు.

ఎందుకో కొంచెం వివరంగా చూద్దాం. మంట మీది గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. లేచిన చోట ఖాళీ ఉండదు కాబట్టి చుట్టుపక్కల గాలి కింది నుంచి లోపలికి దూసుకొస్తుంది. ఇది ఇంట్లో కట్టెల పొయ్యి చేసే పనే. పైన గాలి గట్టిగా వీస్తుంటే పొగస్తంభం వంగిపోయి తెగిపోతుంది, పొయ్యికి గొట్టం నిలబడదు. పైన ప్రశాంతంగా ఉంటే గొట్టం నిటారుగా నిలుస్తుంది. గొట్టం ఎంత ఎత్తయితే లాగుడు అంత. లాగుడు పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే గొట్టం ఇంకా ఎత్తు. ఒక దశ దాటాక మంట బయటి గాలి చెప్పినట్టు వినడం మానేస్తుంది. 1959లో బైరమ్ దీన్ని రెండు శక్తుల పోటీగా రాశాడు. గాలి శక్తి ఎక్కువున్నంతసేపూ మంట గాలి వెంట పోతుంది, ఏ వైపు వస్తోందో చెప్పొచ్చు. మంట శక్తి మించిందా, ఏ వైపైనా పోవచ్చు. మంటలార్పేవాడికి ఈ రెండింటి మధ్య తేడా ప్రాణమంత తేడా. మొదటిదైతే పక్కల నుంచి పని చేయవచ్చు. రెండో దాంట్లో ‘పక్క’ అనేదే ఉండదు.

ఆ స్తంభం ఇంకా పైకి పోతే చల్లబడి మబ్బు కడుతుంది. మరీ పెరిగితే అది ఉరుముల మబ్బు, పైరోక్యుములోనింబస్. దాంట్లోంచి పడే పిడుగులు దూరంగా కొత్త మంటలు రాజేస్తాయి. ఆస్ట్రేలియాలో 2009 బ్లాక్ సాటర్‌డే నాడూ, కెనడాలో 2016 ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గరా అదే జరిగింది. అంతకన్నా భయపెట్టేది, నిలబెట్టిన గొట్టం కూలడం. మబ్బులో నీళ్ళు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, చల్లబడ్డ గాలి బరువెక్కి ధబ్బున కిందికి పడుతుంది, నేలకి తగిలి నాలుగు వైపులా చిమ్ముతుంది, తనతో పాటు మంటని కూడా. దానికి ముందు గాలి స్తంభించినట్టు ఉండొచ్చు, నాలుగు చినుకులు పడొచ్చు. పొద్దున్నుంచీ ఎండలో మాడినవాడికి చినుకు పడితే హమ్మయ్య అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పరిగెత్తాలని ఇప్పుడు శిక్షణలో నేర్పుతారు. 1990 జూన్ 26న అరిజోనాలో డ్యూడ్ ఫైర్ దగ్గర అలా కూలిన గాలి ఆరుగుర్ని చంపింది. అందులో ఐదుగురు జైలు ఖైదీలు, రోజు కూలికి మంటలార్పడానికి వచ్చినవాళ్ళు. ఆరో మనిషి వాళ్ళ జైలు అధికారి. ఆ రోజు అక్కడ పనిచేసిన హాట్‌షాట్ బృందం నాయకుడు పాల్ గ్లీసన్, మర్నాటి ఏడాది నాలుగే నాలుగు మాటల సూత్రం ఇచ్చాడు. చూసే మనిషిని పెట్టు, మాట అందేలా చూసుకో, తప్పించుకునే దారి ఎంచుకో, చేరే చోటు తెలుసుకో.

నియమాలు అప్పటికే లేకపోలేదు. 1956లో కాలిఫోర్నియాలో ఇనాహా మంటల్లో 11 మంది పోయాక, 1957లో ఫారెస్ట్ సర్వీసు పాత మరణాలన్నీ తిరగేసి పది ఆజ్ఞలు రాసింది. వాటిలో మొదటిది: వాతావరణం సంగతి ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండు. వినడానికి తేలిక. 1994 జూలై 6న కొలరాడోలో స్టార్మ్ కింగ్ కొండ మీద 14 మంది చనిపోయారు. పొడి చలిగాలుల అంచు ఒకటి మధ్యాహ్నానికి వచ్చి తగులుతుందని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. కొండ మీద నిలబడ్డవాళ్ళ దాకా ఆ కబురు చేరలేదు. ఆజ్ఞని మీరింది వాళ్ళు కాదు. అయినా నియమాల జాబితా చేతిలో ఉంటే దర్యాప్తు ఎటు మొగ్గుతుందో ఊహించుకోవచ్చు. ఏ నియమం మీరారో టిక్కులు పెట్టడం గాలి లెక్క కట్టడం కన్నా సులువు.

మాన్ గల్చ్ లెక్క మళ్ళీ తెరిచినవాడు శాస్త్రవేత్త కాదు. నార్మన్ మెక్లీన్ షికాగోలో షేక్‌స్పియర్ పాఠం చెప్పి రిటైరైన మాస్టారు. కుర్రతనంలో ఫారెస్ట్ సర్వీసులో పనిచేశాడు. 1949లో మంట ఇంకా కాలుతుండగానే వెళ్ళి చూశాడు. డెబ్భై దాటాక ఆ పదకొండు నిమిషాలు పట్టుకున్నాడు. 1978లో శాలీ, రమ్సీలని వెంటబెట్టుకుని ఆ వాలు ఎక్కాడు. మిజూలాలోని మంటల పరిశోధనశాలకి వెళ్ళి రిచర్డ్ రొథర్మెల్ దగ్గర గణితం నేర్చుకున్నాడు. ‘యంగ్ మెన్ అండ్ ఫైర్’ పూర్తవకుండానే 1990లో పోయాడు, పుస్తకం 1992లో వచ్చింది. ఒక సాహిత్యం మాస్టారు, ఇది ట్రాజెడీయా లేక ఒట్టి ప్రమాదమా అని తేల్చుకోవడానికి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పించుకోవడం ఎంత గొప్ప సంగతో! నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి మొండితనం తక్కువ.

మరుసటి ఏడు రొథర్మెల్ తన నివేదిక విడిగా అచ్చేశాడు. గెలవలేని పరుగు పందెం అని దాని పేరు. మనిషి వేగం ఒక గీత, మంట వేగం ఒక గీత. మొదట్లో మనుషులు ముందున్నారు. గడ్డిలోకి వచ్చాక మంట గీత నిట్టనిలువుగా లేచి, వాళ్ళ గీతని శిఖరానికి కొంచెం ముందే కోసేసింది. చనిపోయిన 44 ఏళ్ళకి తేలిందేమిటంటే, వాళ్ళు పరిగెత్తడంలో ఏ తప్పూ చేయలేదు. డాడ్జ్ మంటలోకి నడిస్తే తప్ప, లేదా ఆ రాతి చీలిక దొరికితే తప్ప, బతికే దారి లేదు. డాడ్జ్ బతికుంటే 77 ఏళ్ళుండేవి.

కానీ ఆ గీతలు గీసిన సమీకరణం, రొథర్మెల్ 1972లో ఇచ్చినది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది, దాంట్లో గాలి అంటే మనం బయటి నుంచి వేసే ఒక అంకె. డాడ్జ్‌ని నేల మీంచి ఎత్తిన గాలి అందులో పుట్టదు. వాయుసఖుడి నమూనాయే అది. 1996లో టెర్రీ క్లార్క్, జానిస్ కోయెన్ తదితరులు మంటని, దాని మీది వాతావరణాన్ని ఒకే లెక్కలో ముడివేశారు. మంట గాలిని మారుస్తుంది, మారిన గాలి మంటని మారుస్తుంది, క్షణక్షణం. అప్పుడు కంప్యూటర్లోని మంట అంచు తిన్నగా పోకుండా తనంతట తనే వేళ్ళలా చీలింది. పొలంలో, కొండ మీద మంటలు చూసినవాళ్ళకి తెలిసిన ఆకారమే. ఇక్కడ చిక్కల్లా సమయం. లోయలో ఒక్కో గజం దగ్గరి గాలిని లెక్కగట్టే లోపు లోయ కాలిపోతుంది. ఇప్పుడు కంప్యూటర్లు వేగం పుంజుకున్నాయి కాబట్టి కొంత మెరుగు.

మంటలు కూడా మెరుగయ్యాయి, అదే బాధ. 2003 జనవరి 18న ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా శివార్లలో మంట నుంచి పుట్టిన నిజమైన సుడిగాలి నమోదైంది. 2018 జూలై 26న కాలిఫోర్నియాలో రెడింగ్ ఊరి అంచున కార్ ఫైర్ పుట్టించిన సుడిలో గాలి గంటకి 230 కిలోమీటర్ల దాకా పోయిందని అంచనా. ఆ సుడిలో మంటలార్పే ఉద్యోగి ఒకరు పోయారు. 2019 డిసెంబరు 30న న్యూ సౌత్ వేల్స్‌లో టన్నుల బరువున్న ఫైర్ ట్రక్కుని మంట గాలి తిరగేసింది, లోపలున్న యువకుడు చనిపోయాడు.

మన నల్లమలలో, శేషాచలంలో వేసవి మంటలు ఎక్కువగా నేల మీది ఎండుటాకుల్లో పాకేవి. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పగలిగేవి. సొంత మబ్బు కట్టేంత బలం వాటికి ఉండదు. అయితే కొండ వాలు, ఎండుగడ్డి, గాలి కలిస్తే మబ్బుతో పనేముంది? 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల మీద ట్రెక్కింగుకి వెళ్ళినవాళ్ళు చిక్కుకున్నది అచ్చం అలాంటి వాలులోనే. ఇరవై మందికి పైగా పోయారు. మంటలార్పడం వృత్తిగా ఉన్నవాళ్ళనే ఆ వాలు వదలనప్పుడు, సెలవు రోజు సరదాకి వెళ్ళిన పిల్లలకి అందులో ఏం తెలుస్తుంది.

మళ్ళీ అరిజోనాకే వెళ్ళాలి. 2013 జూన్ 30, యార్నెల్ హిల్. గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ అనే 20 మంది బృందం. ఇక్కడ మాన్ గల్చ్ లాగా రేడియో పగల్లేదు, స్టార్మ్ కింగ్ లాగా హెచ్చరిక ఆగిపోలేదు. ఈశాన్యాన ఉరుముల మబ్బులు కడుతున్నాయి, వాటి నుంచి దిగే గాలి మంటని తిప్పేస్తుందని మధ్యాహ్నం రెండుసార్లు రేడియోలో చెప్పారు. వాళ్ళకి ఆ కబురు అందింది. పైగా వాళ్ళు అప్పటికి ఉన్నది కాలిపోయిన నేల మీద, డాడ్జ్ బూడిద లాంటి చోట, ఇంకేమీ అంటుకోని చోట. అక్కడి నుంచి కదిలి, కాలని పొదల మధ్యగా, ఒక పల్లపు లోయ మీదుగా అవతల ఉన్న పశువుల ఫారం వైపు దిగారు. గాలి తిరిగింది. మంట వాళ్ళకీ ఫారానికీ మధ్యకొచ్చింది. 19 మంది చనిపోయారు. కాపలా చూడ్డానికి విడిగా నిలబడ్డ ఒక్కడు మిగిలాడు.

రెండు నివేదికలొచ్చాయి. సెప్టెంబరులో వచ్చిన మొదటిది, ఎవరి నిర్లక్ష్యమూ కనబడలేదంది. డిసెంబరులో అరిజోనా కార్మిక భద్రతా విభాగం, ఇళ్ళనీ పొలాలనీ మనుషుల ప్రాణాల కన్నా ముందు పెట్టారని చెప్పి, సాటి రాష్ట్ర ప్రభుత్వ శాఖ మీదే 5,59,000 డాలర్ల జరిమానా వేసింది. రిటైరైన ఆ రేంజరు తండ్రి 1949లో అడిగిన ప్రశ్నకి ఒకే ఏడాదిలో రెండు జవాబులు. కాలిన నేలని ఎందుకు వదిలారన్నది మాత్రం రెండింట్లోనూ లేదు. వాళ్ళు కదిలిన ఆ అరగంటకి పైగా సమయంలో ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో స్పష్టంగా చెప్పే మాట రేడియో రికార్డుల్లో లేదు.